బుధారం జిలేబీలు

ఐతారం పొద్దున చంద్రాపూర్ గని క్వార్టర్ల ముంగట మొగని డ్యూటీ బట్టలు ఉతుక్కుంట ఆమె అడిగింది.

"ఈ వారం ఎట్ల గడిచిందయ్యా?"

"ఏముంటదే? సోమారం నా డంపర్ టైరు పేలింది. శుక్రారం క్యాంటీన్ల ఆలుబోండా మంచిగుండె."

"మరి బుధారం?"

"బుధారం ఏం లేదు."

"ఏం లేకుంటే జిలేబీలెందుకు తెచ్చినవ్?"

"తినబుద్ధయింది."

"నువ్వొక్కటి సుత ముట్టలే. పోయినేడు గని అంచు కూలి బతికి బయటపడ్డనాడు గూడ గిట్లనే తెచ్చినవ్."

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టిండు.

"వానకు డంపర్ గని లోయ అంచుదాకా జారింది. ఆగింది గదా, గంతే."

ఆమె అంగీని గట్టిగ పిండి తీగె మీద ఆరేసింది. ఆయన దిక్కు చూడలే.

"వచ్చే వారం ఉత్త చేతులతోనే ఇంటికి రా."