కాలిన పెదవి

బొలీవియాలో ఎత్తైన కొండల మీదున్న పొటోసీ ఊరి సంతలో పొద్దున్నే, వేరుశెనగ సూప్ అమ్మే ఆవిడ ముందు అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఈ బెంచీ మీద తన చోటు ఎక్కడ పోతుందోనని అతని భయం.

“చెయ్యి తియ్యి తమ్ముడూ. పెదవి ఎక్కడ కాలింది?”

“కాఫీ వేడిగా ఉందక్కా.”

“ఇంత ఎత్తులో నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి, కాఫీకి మూతి ఇంతలా కాలుతుందా? ఎదురు కొట్టావిడ మొక్కజొన్న సూప్‌లో మరగడానికి వేసే నిప్పులాంటి రాయి తగిలింది! పదేళ్లు నా చేతి తిండి తిని, దాని దగ్గరికెళ్తావా?”

“ఒక్కసారే అక్కా! నా చోటు ఇంకొకళ్లకి ఇవ్వకు.”

“ఇవ్వను. కానీ రేపు కూడా అక్కడే తిను. అందులో ఏ ఆకు వేస్తోందో కనిపెట్టి రా.”

అతను బెంచీ చివరికి జరిగాడు.

“అదీ... నీ సూప్‌లో ఏం వేస్తావో కనిపెట్టమని ఇవాళ నన్ను పంపింది ఆవిడే అక్కా.”