రెండొందల పద్నాలుగు

కాదు, నువ్వే చెప్పమ్మా, ఇలాంటి పని ఎవరైనా చేస్తారా? రోజూ పొద్దున్న బీపీ చూసుకుని నంబర్ రాయమని నేను నోట్‌బుక్ కొనిస్తే, అందులో నువ్వు రాసిందేటి?

తల అటు తిప్పేసుకోకు. ఇటు చూడు. ఉండు, నేనే ఎడం పక్కకి వచ్చి కూర్చుంటాను. ఆ... ఇలాగ. ఈ వేలు పట్టుకో. డాక్టర్ చెప్పాడు కదా, మాట వచ్చేదాకా మనకిదే భాష. అవునంటే ఒకసారి నొక్కు. కాదంటే రెండుసార్లు.

ఈ వార్డులో నాలుగు నుంచి ఐదు దాకానే ఉండనిస్తారు. ఇప్పుడు నాలుగూ పన్నెండు. అంటే నలభై ఎనిమిది నిమిషాలు. నవ్వకు! నవ్వావు, నేను చూశాను, ఎడం పక్క పెదవి కదిలింది. 'మా కెరోలిన్ పుట్టగానే ఏడవలేదు, మంత్రసాని వేళ్ళు లెక్కపెట్టింది' అని చర్చిలో అందరికీ చెప్పేదానివి కదూ. ఆ లెక్కల పిల్లనే నేను. చూడు ఎలా తయారయ్యానో.

నిన్న నీ చీర, దువ్వెన తీసుకొద్దామని ఇంటికెళ్ళాను. రోజమ్మత్త కూడా వచ్చింది. మన ఇంట్లో ఏది ఎక్కడుంటుందో నాకంటే పక్కింటావిడకే బాగా తెలుసు, ఏం చేస్తాం! మంచం మీద నోట్‌బుక్ కనిపిస్తే తీసి తిరగేసింది. 'ఏటే, మీ అమ్మ పాటల నంబర్లు రాసుకుందా?' అంది.

'పాటలేటత్తా, అవి బీపీ నంబర్లు' అన్నాను.

'బీపీ నీ మొహం! ప్రతి అంకె పక్కనా పాట మొదటి మాటలు రాసుంటేనూ?' అని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. చదవడమేటి, పాడేసింది. చర్చి పాటల పుస్తకం తెచ్చి నంబర్లు సరిచూసింది. అన్నీ సరిపోయాయి. ఒక్కటి మినహా.

నాకు తెలుగు చదవడం రాదు కదమ్మా. నేర్పుతానని నువ్వంటావు, వచ్చే ఆదివారం అని నేనంటాను. అలాగే ఇరవై మూడేళ్ళు గడిచిపోయాయి. నేను అంకెలే చూశాను. పక్కన తెలుగులో ఉన్నది ఏ మందు పేరో, ప్రార్థన మాటో అనుకున్నాను. నేను చదవలేనని నీకు తెలుసు. తెలిసే రాశావు, అవునా?

ఒకసారి నొక్కావు. సరే.

'అత్తా, మరి బీపీ కాకుండా పాటలు ఎందుకు రాసిందంటావు?' అని అడిగాను. రోజమ్మత్త పాటల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ తరవాత అంది. 'మీ అమ్మ అబద్ధం రాయలేదే. రాయడానికి చెయ్యి రాదు దానికి. అందుకని నువ్వు సంతోషించే నంబర్ ఏ పాటకుందో చూసుకుని, ఆ పాట పాడి, ఆ నంబర్ రాసింది. అప్పుడది అబద్ధం కాదు కదా!'

ఎంత తెలివమ్మా నీకు! పైది నూట ముప్పై దాటకూడదు, కిందిది ఎనభై ఐదు దాటకూడదు అని గోడ మీద అతికించింది నేనే. నువ్వు నూట పద్దెనిమిది నుంచి నూట ముప్పై దాకా ఒక పాట, డెబ్భై నాలుగు నుంచి ఎనభై ఐదు దాకా ఒక పాట ఏరుకున్నావు. రోజుకి రెండు పాటలు. ముప్పై తొమ్మిది రోజులు. డెబ్భై ఎనిమిది పాటలు.

'అందుకేనా నెలన్నర నుంచీ పొద్దున్నే తిప్పి తిప్పి అవే పాటలు!' అని నెత్తి కొట్టుకుంది రోజమ్మత్త. 'డెబ్భై ఎనిమిదో నంబర్ పెళ్ళి పాటే! గోడ అవతల నుంచి నేనే అడిగాను, ఏమే అమూల్యా, ఎవరికే పెళ్ళి అని. మా కెరోలిన్ ఉద్యోగానికి అంది మీ అమ్మ.'

ఆవిడ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. నేను ఏడవలేదు. నేను మిషన్ తీసుకొచ్చాను.

నీకు తెలీదు కదా, ఆ బీపీ మిషన్‌కి జ్ఞాపకం ఉంటుంది. పక్క బొత్తాం నొక్కితే పాత నంబర్లు ఒక్కొక్కటే చూపిస్తుంది. నేనూ ఎప్పుడూ నొక్కలేదు. నువ్వు రాస్తుంటే నొక్కాల్సిన అవసరమేటి? నిన్న నొక్కాను. మొదట మొన్న సోమవారం పొద్దున్నది వచ్చింది. ఇంకోసారి నొక్కితే దానికి నలభై రోజుల ముందుది వచ్చింది, నూట అరవై ఎనిమిది. మధ్యలో ఏమీ లేదు. ముప్పై తొమ్మిది రోజులు నువ్వు ఆ పట్టీ చేతికి చుట్టుకోనే లేదు.

ఆ నూట అరవై ఎనిమిది గుర్తుందా? నాకు గుర్తుంది. నా కాంట్రాక్టులో నలభై ఎనిమిదో రోజు. నూట అరవై దాటితే వెంటనే తీసుకురమ్మన్నాడు డాక్టర్, మందు మార్చాలన్నాడు. నేను సగం రోజు సెలవడిగాను. ఆఫీసులో మొహాలు మాడ్చుకున్నారు. పోనీ ఇక్కడికొస్తే చాంతాడంత క్యూ, మన వంతు రాకుండానే కౌంటర్ మూసేశారు. ఇంటికొచ్చి చెప్పులు విసిరికొట్టి నీ మీద అరిచాను.

ఏమన్నానో నీకు గుర్తుంది కదా. 'నీ నంబర్ వల్ల నా నంబర్ పోతుంది' అన్నాను.

మర్నాటి నుంచి నువ్వు పాటలు మొదలుపెట్టావు.

ఎనభై తొమ్మిది రోజుల ఉద్యోగమమ్మా అది. తొంభయ్యో రోజు ఇంటికి పంపించేస్తారు, తొంభై ఒకటో రోజున కొత్త కాగితం మీద సంతకం పెట్టించుకుని మళ్ళీ తీసుకుంటారు. అందరినీ కాదు. లిస్టులో ఉన్నవాళ్ళనే. నాగాలు ఎక్కువైతే లిస్టులో ఉండరు. ఆ తొంభయ్యో రోజు కోసమే మనం చూశాం కదా? 'ఆరోజు నాకు ఎలాగూ సెలవు, పొద్దున్న ఐదుకే వెళ్ళి లైన్లో నిలబడదాం, అందాకా ఓపిక పట్టు' అని నేనే కేలెండర్ మీద గుండ్రం చుట్టాను. నువ్వు రోజూ ఒక గడి కొట్టేసేదానివి. నా సెలవు కోసం అనుకున్నాను. నీ ప్రాణం కోసమని నాకేం తెలుసు?

లేదు, అలా చూడకు. తెలీదు అనడం కూడా అబద్ధమే. చెప్తాను. ఇంకా ముప్పై ఒక్క నిమిషాలున్నాయి.

మా ఆఫీసులో నేను చేసే పనేటో ఎప్పుడైనా చెప్పానా? పాత రిజిస్టర్లలో అంకెలు కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఉండాల్సిన దానికంటే పెద్ద అంకె పడితే ఆ గడి ఎర్రగా అవుతుంది. అప్పుడు మనం చూసి దిద్దాలి. ఎక్కువ తప్పులు ఎక్కడొస్తాయంటే, అంకెలు తారుమారు అయ్యే చోట. నూట ముప్పై ఐదు రాయబోయి మూడొందల పదిహేను రాస్తారు. దిద్దగానే గడి ఆకుపచ్చగా అయిపోతుంది. అబ్బ, ఎంత హాయిగా ఉంటుందో తెలుసా! మా సూపర్‌వైజర్ సుబీర్ దా అందరికీ నన్నే చూపించేవాడు. 'కెరోలిన్ టేబుల్ మీద ఎర్ర గడి మిగలదు, చూసి నేర్చుకోండి' అని.

నీ బీపీకి కూడా ఫోన్‌లో అలాంటి పట్టికే చేశాను. ఎవరూ అడగలేదు, నేనే చేశాను. నూట ముప్పై దాటితే ఎరుపు. పొద్దున్న బయల్దేరే ముందు నీ పుస్తకం పేజీ ఫోటో తీసుకునేదాన్ని. లిలువాలో లోకల్ ఎక్కి, హౌరాలో దిగి, నది దాటే లాంచ్‌లో చోటు దొరికాక ఫోన్‌లో ఎక్కించేదాన్ని. ముప్పై తొమ్మిది రోజులూ ఆకుపచ్చే. లాంచ్‌లో పక్కవాళ్ళకి కూడా చూపించాలనిపించేది. మా అమ్మ చూడండి, ఎంత బాగుందో అని.

అంత బాగా ఎవరికీ ఉండదు. నాకు తెలియాలి. మనిషి నంబర్ రోజుకో రకంగా ఎగిరి పడుతుంది, గీత గీసినట్టు ఉండదు. ఇదే రిజిస్టర్‌లో కనిపిస్తే, ఎవడో కూర్చుని కల్పించి రాశాడని ఒక్క నిమిషంలో పట్టేసేదాన్ని.

సోమవారం. ఎనభై ఎనిమిదో రోజు.

పైది రెండొందల పద్నాలుగు. కిందిది నూట పద్దెనిమిది. పక్కన తెలుగు లేదు. ఒక్క మాట కూడా లేదు. పాటల పుస్తకంతో సరిపోనిది అదొక్కటే.

ఫోన్‌లో ఎక్కించగానే గడి ఎర్రగా అయింది. లాంచ్ నది మధ్యలో ఉంది. రెండు, ఒకటి, నాలుగు. అమ్మ తారుమారు రాసింది, నూట ఇరవై నాలుగు అయ్యుంటుంది అనుకున్నాను. నూట పద్దెనిమిదిని ఎనభై ఒకటి చేశాను. దానికి ఏ కారణమూ వెతుక్కోలేదు. రెండు గడులూ ఆకుపచ్చగా అయిపోయాయి.

అవతలి గట్టుకి చేరాక అందరితో పాటు దిగాను. దిగకుండా కూర్చునుంటే, అదే లాంచ్ నన్ను వెనక్కి తెచ్చేసేది. పది నిమిషాలు. లోకల్ ఇంకో పన్నెండు. స్టేషన్ నుంచి నడక ఎనిమిది. నీళ్ళు పట్టుకుంటూ నువ్వు పడిపోయేటప్పటికి పదకొండున్నర అంది రోజమ్మత్త. నేను పదికే ఇంట్లో ఉండేదాన్ని. ఈ లెక్క ఎన్నిసార్లు వేశానో! ప్రతిసారీ గంటన్నర మిగులుతోంది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావా? చేస్తే నువ్వు ఏదో ఒకటి చెప్తావు. చెప్తే నేను వినాలి.

ఆరోజు కూడా నాకు టిఫిన్ కట్టావు. ఆఫీసు లోపల ఫోన్లు ఉంచుకోనివ్వరు కదా, బయట అరలో పెట్టాలి. ఒంటిగంటన్నరకి డబ్బా తెరిచాను. బంగాళదుంప వేపుడు. ఉప్పు రెండుసార్లు వేసేశావు. సాయంత్రం నిన్ను ఏడిపించాలి అనుకుని నవ్వుకుంటూ తిన్నాను. మొత్తం తిన్నాను. తిన్నాక ఫోన్ తీశాను. రోజమ్మత్తవి తొమ్మిది కాల్స్ ఉన్నాయి.

ఇక్కడికొచ్చేసరికి నిన్ను లోపలికి తీసుకెళ్ళారు. డాక్టర్ అడిగాడు, ఇంట్లో బీపీ చూస్తున్నారా అని. చూస్తున్నాం సార్ అని పట్టిక తీసి చూపించాను. ఈరోజు పొద్దున్న ఎంతుంది అన్నాడు. నూట ఇరవై నాలుగు అన్నాను. అమ్మా, నా నోటితో నేనే అన్నాను. ఆయన నా ఫోన్ వైపు చూశాడు, మంచం పక్కనున్న వాళ్ళ మిషన్ వైపు చూశాడు. అందులో రెండొందల ఇరవై ఉంది. అదే కాగితం మీద రాసుకున్నాడు. ఏదైనా అనుంటే బాగుండేది.

ఇంకోటి విను. నిన్న సుబీర్ దా ఫోన్ చేశాడు. లిస్టులో నా పేరుంది. రేపటి నుంచి రమ్మన్నాడు. 'దాదా, ఎనభై తొమ్మిదో రోజు నేను రాలేదు కదా' అన్నాను. 'అరే పాగలీ, అమ్మ ఆసుపత్రిలో ఉంటే ఎలా వస్తావు? ముందే చెప్పుంటే ఆ ఒక్కరోజూ ఇద్దరు ముగ్గురం సర్దుకునేవాళ్ళం కదా' అన్నాడు.

సర్దుకునేవాళ్ళట! ఎంత తేలిగ్గా అనేశాడో చూడు. మనిద్దరం నలభై రోజులు నువ్వు పాటలు పాడి, నేను రంగులు వేసి దాచుకున్నదంతా... ఒక్క మాట అడిగితే అయిపోయేదట.

అదిగో, మొదటి గంట కొట్టారు. ఇంకా ఐదు నిమిషాలు.

అమ్మా. ఇప్పటిదాకా చెప్పినదాంట్లో ఒకటి నిజం కాదు. లాంచ్‌లో చూశానన్నాను కదా. లాంచ్‌లో కాదు.

నువ్వు ఈ మంచం మీద పడుకుని ఏమనుకుంటున్నావో నాకు తెలుసు. పాపం పిల్ల, రైలు హడావిడిలో చూసుకోలేదు అనుకుంటున్నావు. అలా అనుకోకు. రోజూ పుస్తకం బల్ల మీద పెట్టేదానివి. ఆరోజు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చావు. పేజీ తెరిచి నా మొహానికి ఎదురుగా పట్టుకున్నావు. నోటితో చెప్పలేక అలా నిలబడ్డావు. నీ చెయ్యి వణికి ఫోటో మసకగా వచ్చింది.

'కదలకమ్మా' అని చెప్పి, రెండోసారి తీశాను.

చూశానమ్మా. అక్కడే చూశాను. చూసి, పుస్తకం మూసి నీ చేతిలో పెట్టి, రైలుకి టైమైందని వచ్చేశాను.

నర్సు దీదీ వస్తోంది. వెళ్ళాలి. ఏటమ్మా, నొక్కవేటి? ఒకసారి గానీ, రెండుసార్లు గానీ. నీ ఇష్టం. ఎంతొచ్చినా ఈసారి దిద్దనులే.