పరుగు లేని ఆదివారం

హలో… ఆ, నేనే బావా, సాహిత్యని. గుడివాడలోనే, ల్యాబ్‌లో ఉన్నాను.

అక్క మెసేజ్ పెట్టింది. స్కూల్లో ప్రార్థన దగ్గర తన్మయి కళ్ళు తిరిగి పడిపోయిందటగా… ఇంటికి తెచ్చేశారా?… డాక్టరు గారేమన్నారు?… నీరసమేనా.

పొద్దున ఏం తింది?… ఏమీ తినలేదా. రాత్రి?…

తిండి తగ్గిందని సంతోషపడుతున్నారా బావా?

… నేనే చెప్పాను, కాదనను. కొవ్వు మేత పెట్టి లావెక్కించిన ఎలుకల్ని పరిగెత్తిస్తే తిండి తగ్గింది, బరువూ తగ్గింది అని మీ ఇంట్లో భోజనాల దగ్గర చెప్పాను. మీరు మర్నాడే పిల్లని పరుగుకి మంగినపూడి రోడ్డెక్కిస్తారనుకోలేదు.

… లావే. పదకొండేళ్ల పిల్ల. లావైతే?

ఒకటి అడుగుతాను, కోప్పడకండి. తను పరిగెడుతుంటే మీరెక్కడుంటారు?… స్కూటర్ మీద. ముందా, వెనకా?… వెనక.

ఆగితే?… హారన్ కొడతారు.

… సరదాకే. ఊఁ.

మరి ఆదివారాలు?… పరుగు లేదు. తిండి?…

ఆ రోజూ తినదా?

… కాదు బావా, అలవాటు పడటం కాదది. వినండి… ఒక్క నిమిషం వినండి.

మా ఎలుకలు పరిగెత్తేది తిరిగే బెల్టు మీద. వెనకాల కరెంటు తీగలుంటాయి. ఆగిన ఎలుక జారి వాటి మీద పడుతుంది, చురుక్కుమంటుంది… చావదు. చురుక్కు, అంతే. అందుకే పరిగెడతాయి.

ఈమధ్య ఇంకో గుంపుని పెట్టాం. అవీ లావువే. వాటికి బెల్టు తిరగదు, పరుగు లేదు. ఆ చురక మాత్రం అప్పుడప్పుడూ తగులుతుంది.

… అవీ తిండి మానేశాయి బావా. ఒక్క అడుగు పరిగెత్తకుండా.

… చురక లేకుండా పరిగెత్తేవా? అవీ ఉన్నాయి. బోనులో చక్రం పెట్టి వదిలేసినవి. బుద్ధి పుడితే తిరుగుతాయి, లేకపోతే పడుకుంటాయి. సుబ్బరంగా తింటున్నాయి. ఒళ్ళూ పెరగలేదు.

… నేను మీ కూతుర్ని ఎలుకనలేదు. మీరే— సరే. అరవకండి, తను వింటుంది.

… తెలుసు. చిన్నప్పుడు లావని మిమ్మల్ని ఎంత ఏడిపించారో అక్క చెప్పింది. తనకలా కాకూడదనే మీ బాధ… కానీ మీ భయానికి తను పరిగెడుతోంది బావా.

సాయంత్రం మళ్ళీ తీసుకెళ్తారా?… 'కొంచెం దూరమే'నా.

తనకి ఫోనివ్వండి. ఇచ్చి కాసేపు బయటికెళ్ళండి… నా కోసం.

తన్మయీ… పిన్నినే, నాన్నా… ఆకలి లేదా. సరేలే.

వంటింట్లో ఏముంది?… దిబ్బరొట్టె! అమ్మ చేసి వెళ్ళిందా? ఓ ముక్క తెచ్చుకో, చెరకు పానకంలో ముంచి తింటూ మాట్లాడు… ఏం కాదు, తెచ్చుకో.

… నమలడం వినపడుతోందిలే. మెల్లగా… ఇంకోటా? ఎవరు వద్దన్నారే!

… ఏం, ఆపేశావ్?

తన్మయీ?…

నాన్న వచ్చాడా.

ఫోనియ్యి… బావా, ఇప్పుడు తనతో ఏమన్నారు?… 'తినమ్మా' అన్నారు. నాకూ వినపడింది, మెత్తగానే అన్నారు.

ముక్కేదీ?

… పళ్లెంలో పెట్టేసింది.

మీరు లోపలికి రాగానే నమలడం ఆపేసింది బావా.

… వద్దు. ఇప్పుడు దగ్గరికి తీసుకోకండి. బతిమాలకండి కూడా. ఫోన్ తనకిచ్చి గేటు దాకా వెళ్ళండి. గడియ తీసిన చప్పుడు తనకి వినపడాలి… ఏడవకండి బావా. వెళ్ళండి.

… తన్మయీ. గేటు చప్పుడైందా?… ఆ.

ఫోన్ పళ్లెం పక్కన పెట్టేయ్. కట్ చెయ్యకు.

… లేదు, నేనేం మాట్లాడను. ఊరికే ఉంటాను. తినాలనిపిస్తే తిను.

పెట్టు.