రీలు అయ్యేదాకా

ఫొటోలు కడిగే కొట్టు. కౌంటరుకి అటువైపు కొట్టతను, కుర్రతనంలో ఈమె తండ్రి స్టూడియోలోనే పని నేర్చుకున్నవాడు. ఇటువైపు ఈమె. మాటలైతే ఇందాకటి నుంచీ నడుస్తున్నాయి గానీ, ఇవ్వాల్సిన కవరు మాత్రం అతని చెయ్యి దాటడం లేదు.

“అది కాదు చెల్లెమ్మా, ముందు కాస్త కూర్చో.”

“కూర్చోను. కవరిలా ఇవ్వు అన్నయ్యా.”

“ఎండన పడి వచ్చావు. మంచినీళ్ళు తాగుతావా?”

“నీళ్ళెందుకు? కడగడం అయిందన్నావుగా ఫోన్లో.”

“అయింది. కడగడమైతే అయింది.”

“మరి?”

“కొత్తగా నేర్చుకునేవాళ్ళకి మొదటి రీలు… ఎవరికైనా అంతే. నేనూ నా మొదటి రీలు తగలేశాను. మీ నాన్నగారు చెవి మెలిపెట్టారు.”

“బాగా రాకపోయినా పర్లేదు. మసగ్గా ఉన్నా పర్లేదు. గోడకి పెట్టుకోడానికి ఒక్కటి చాలు. ఆయన పోయాక ఇల్లంతా వెతికాం. ఊరందరి మొహాలూ తీసిన మనిషికి, తనదంటూ ఒక్క ఫొటో లేదు. దీపం కింద చీకటి.”

“ఎప్పుడూ కెమెరా వెనకే ఉండేవారాయె.”

“అందుకే అంటున్నా. సగం మొహం పడ్డా చాలు. ఇవ్వు.”

“ఇదిగో. నువ్వే వెలుతురుకి పెట్టి చూడు.”

“ఏం లేదేంటి?”

“లేదు.”

“ఇటు తిప్పి చూడాలా?”

“ఎటు తిప్పినా అంతే చెల్లెమ్మా.”

“కడగడంలో ఏమైనా…”

“కడగడంలో కాదు. రీలు అసలు కదల్లేదు. దాని కొస ఉంటుంది చూడు, అది అవతలి చక్రంలో పట్టుకోలేదు. మీట తిరుగుతుంది, నొక్కితే టిక్కుమంటుంది, ఫొటో పడ్డట్టే ఉంటుంది. రీలు మాత్రం డబ్బాలోంచి బయటికి రాదు. డబ్బా చేతికి రాగానే నాకు అర్థమైంది. నీకు ఆ మాట చెప్పలేక కడిగాను.”

“ఒక్కటి కూడా… మొదటిదైనా?”

“ఒక్కటీ పడలేదు.”

“ఏమీ చెయ్యలేమా? మందులవీ ఉంటాయిగా మీ దగ్గర.”

“పడినదాన్ని తేల్చడానికే మందులు. పడనిదాన్ని ఏ మందు తెస్తుంది?”

“నేనే ఎక్కించాను. ఆయన చేతులు వణుకుతున్నాయని నన్నే ఎక్కించమన్నారు. కొస లోపలికంటా దోపు, దోపు అంటూనే ఉన్నారు. పట్టుకుందిలే అని టప్పున మూత వేసేశాను. నా తొందరే కొంప ముంచింది.”

“నిన్ను నువ్వు తిట్టుకోకు.”

“మరెవర్ని తిట్టుకోను? స్టూడియో నేను నడుపుతానంటే, నీకెందుకని అమ్మేశారు. అప్పట్నుంచి మాటల్లేవు మాకు. ఇన్నేళ్ళకి సరదాగా నేర్చుకుందామని పాత కెమెరా ఒకటి తెచ్చుకుని, ఎక్కించడం తెలీక ఆయన దగ్గరికే వెళ్ళానా… గడపలోనే చెప్పేశా. ఈ ఒక్క రీలు అయ్యేదాకానే, ఆ తర్వాత మళ్ళీ రాను అని.”

“తెలుసు.”

“నీకెలా తెలుసు?”

“ఆయనే… ఏదో మాటల్లో అన్నారు.”

“ఆదివారం ఆదివారం వెళ్ళేదాన్ని. కిటికీ పక్కన కూర్చునేవారు. వెలుతురు చెంప మీద పడనీ, ఊపిరి బిగబట్టు, ఇప్పుడు నొక్కు. ఇవే మాటలు. ఇంకో మాట లేదు మా మధ్య. కానీ అన్నయ్యా, రానురాను నవ్వేవారు. ఆ నవ్వు తీశాను. తీశాననుకున్నాను.”

“ఊఁ.”

“ఎన్ని తీశామో చూపే అంకెల ముల్లు చివరికొచ్చి ఆగింది. అయిపోయినట్టుంది నాన్నా అంటే, ముల్లు పాడైంది, దాన్ని నమ్మకు, ఇంకా ఉంది, తియ్యి అన్నారు. పై వారమూ అదే మాట. ఆ పై వారమూ అదే. మూత తీసి చూస్తానంటే, వెలుతురు పడితే అన్నీ పోతాయని కెమెరా లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నారు.”

“అలాగా.”

“పాపం, చూపు ఆనక. లేకపోతే జీవితమంతా ఆ పనే చేసిన మనిషికి తెలీదా?”

“చూపు బాగానే ఆనేది.”

“ఏంటి?”

“ఏం లేదు. ఆ కెమెరా ఇక్కడ పెట్టి వెళ్ళు. కొత్త రీలు నేను ఎక్కించి ఉంచుతాను.”

“కొత్త రీలు పెట్టి ఎవర్ని తియ్యను? నువ్వేదో దాస్తున్నావ్.”

“దాచడానికేముంది…”

“ఉంది. వచ్చిన దగ్గర్నుంచి నా మొహం చూసి మాట్లాడలేదు నువ్వు.”

“సరే. ఇదిగో, ఈ నా కెమెరాలో రీలుంది. మీట తిప్పు. ఎడమవైపు ఈ గుండీ చూడు, దానంతటదే తిరుగుతోందా? లోపల రీలు కదిలితేనే ఇది తిరుగుతుంది. తిరగలేదూ, రీలు పట్టుకోలేదని అర్థం. గురువుగారు మాకు మొదటి రోజు నేర్పిన పాఠం ఇదే. దీని మీద వేలు పెట్టి ఉంచకపోతే వేళ్ళమీదే కొట్టేవారు.”

“నాకు చెప్పలేదే.”

“చెప్పలేదు.”

“మర్చిపోయారా?”

“మర్చిపోయే మనిషా ఆయన?”

“మరెందుకు చెప్పలేదు?”

“నువ్వు వెళ్ళడం మొదలుపెట్టిన కొత్తల్లోనే ఒకరోజు ఇక్కడికొచ్చారు. నువ్వు కూర్చోనన్న ఆ కుర్చీలోనే కూర్చున్నారు. అమ్మాయి రీలు పట్టుకోలేదురా, గుండీ తిరగడం లేదు అన్నారు. ఎంత పని, ఇటు పంపండి, చీకటిగదిలో సరిచేసి ఇస్తానన్నాను. వద్దన్నారు. పోనీ తనకైనా చెప్పండి, పాపం ఊరికే నొక్కుతోంది కదా అన్నాను.”

“ఏమన్నారు?”

“‘నోరెత్తకు. రీలు అయిపోతే అది మళ్ళీ రాదురా’ అన్నారు.”