అనాథ గెలాక్సీలు

పరిశోధక విద్యార్థిని తన ప్రోగ్రాంతో కంప్యూటర్‌లో గీయించి తెచ్చిన గెలాక్సీల పటం మీద ప్రొఫెసర్ వేలు ఆగింది.

"గుంపు నడిబొడ్డున సగం గెలాక్సీలు లేవేంటమ్మా? అసలు ఆకాశంలో అక్కడ కిక్కిరిసి ఉంటాయి."

"గెలాక్సీని పట్టి ఉంచేది దాని చుట్టూ కంటికి కనబడకుండా ఉన్న కృష్ణపదార్థమే కదా సార్. గుంపులో పడి అది చెదిరిపోగానే, గెలాక్సీని కూడా లెక్కలోంచి కొట్టేశాను."

"అది పోయినంత మాత్రాన గెలాక్సీ పోతుందా? అనాథ గెలాక్సీ అంటాం దాన్ని, తిరుగుతూనే ఉంటుంది. ఈమాత్రం తెలీదా నీకు?"

"తెలుసు సార్."

"ఎప్పుడు రాశావీ ప్రోగ్రాం?"

"మా అమ్మ చనిపోయిన వారంలో."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అలా ఎంతకాలం తిరుగుతాయి సార్?"

"కచ్చితంగా ఎవరికీ తెలీదు. మనమే ఏదో ఒక అంకె వేసుకోవాలి. సున్నా మాత్రం వెయ్యకు తల్లీ."