పడవ ఎవరి చేతిలో పెట్టాలి

రేవులో కట్టేసిన తెరచాప పడవ లోపల, తల వంచుకుని దిగాల్సిన చిన్న గదిలో ఇద్దరు ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒకామె పడవ యజమానురాలు. రెండో ఆమె దాన్ని కొనడానికి వచ్చిన నర్సు.

“ఇరవై రెండేళ్ల పడవంటే ఎవరూ నమ్మరండీ. అద్దంలా ఉంది.”

“మెరుపు చూసి మోసపోకమ్మా. ఆ పరుపెత్తి చూడు. అడుగున అతుకు కనబడుతోందా?”

“కనబడుతోంది. ఏం తగిలింది?”

“నడిసముద్రంలో కొట్టుకొచ్చిన దుంగ. మా ఆయన నీళ్లు తోడుతుంటే నేనే చిల్లు పూడ్చాను. ఆ తర్వాత రెండు మహాసముద్రాలు దాటాం. చుక్క నీరు లోపలికి రాలేదు.”

“పైన రంగేసి ఉంటే నాకు తెలిసేదే కాదు.”

“తెలియాలి. రేపు నీ ప్రాణం దీని మీదే కదా!”

“మరి ఎందుకు అమ్మేస్తున్నారు?”

“ఆయనకి చూపు తగ్గింది. ఆయన లేకుండా నాకు సముద్రం రుచించదు. అలాగని ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వను. ఇప్పటికే ఇద్దర్ని వెనక్కి పంపాను. నిన్నూ ఒకటి అడుగుతాను. గాలి పెరుగుతుంటే తెరచాప ఎప్పుడు దించుతావు?”

“దించాలేమోనని అనుమానం రాగానే.”

“పుస్తకంలో చదివావా?”

“లేదండీ. ఒకసారి ఇంకాసేపు చూద్దామని మొండికేశాను. పడవ ఒరిగిపోయి మా చెల్లి చెయ్యి విరిగింది. తప్పు నాదే. ఇప్పుడు భయపడి దించేశానని ఎవరు నవ్వినా పట్టించుకోను.”

యజమానురాలు మెట్ల వైపు తిరిగి కేకేసింది.

“ఏమండీ, ఆ కాగితాలు పట్రండి! మన పడవకి మనిషి దొరికింది.”