ఓటమి కాడ సున్నా

"తాతా, ఇప్పటి బాక్సర్లల్ల ఎవరన్న ఆల్‌టైమ్ గ్రేట్ అయితరంటవా?"

అదేందిరా, పొద్దుగాల్నే గిట్లాంటి ప్రశ్న. ముందుగాల గా ఫోన్ స్టూల్ మీద ఎందుకు పెట్టినవ్? రికార్డు చేస్తున్నవా? ఎవరికి ఇనిపిద్దామని? ఉండనీ, తియ్యకు, నేనేం దొంగ ముచ్చట చెప్తలేను. కాని నాకు అనుమానమైతే ఉన్నది. గింత పెద్దగైనవ్, ఒక్కనాడన్న 'తాతా, నువ్వు బాక్సింగ్ ఆడేటోనివంట గద' అని అడగలే. ఇయ్యాల చాయ్ నువ్వే తెచ్చినవ్. దాంతోని బిస్కెట్లు సుత. రోజు షుగరని గుంజుకునేటోనివి, ఇయ్యాల ప్లేటుల పెట్టి ఇస్తున్నవ్.

మౌనిక ముచ్చటనే గద. నీ చెల్లె తొమ్మిదో ఫైటు. నాకేం ఎర్క లేదనుకుంటున్రు ఇంట్ల. మీ అమ్మ వంటింట్లకెల్లి ఫోన్ల మాట్లాడితే బల్కంపేట గల్లీ మొత్తం ఇంటది. ఇద్దరు పిల్లల పేర్లు వచ్చినయంట. ఒకామె ఢిల్లీ దిక్కు, ఆడినయన్ని ఓడింది. ఇంకొకామె వైజాగ్ పిల్ల, గట్టిది. ఇద్దర్ల ఒకరితోని ఆడాలె, రేపటికల్ల చెప్పాలె. గంతేనా? సరె, తలకాయ ఊపుతున్నవంటే గంతే. నువ్వడిగింది ముందు చెప్త, తర్వాత దాని కాడికొస్త.

ఆల్‌టైమ్ అంటే ఏంది బేటా? టైమ్ అయిపోయిందా? ఇంక నడుస్తనే ఉన్నది గద. నడుమల నిలబడి ఎవడు లెక్క గట్టిండు? అందుకే గా మాట మీదనే నాకు అనుమానం. మొన్న నువ్వు ఫోన్ల చూపించినవ్ సూడు, ఏదో దేశం పోరడు, మస్తు బంగారు బెల్టులు, గెలుపులు గిన్ని, ఓటమి కాడ సున్నా. ఎవరి మీద గెలిచిండు అని నేనడిగిన. నువ్వు మల్ల అంకెనే చెప్పినవ్. పేర్లు చెప్పరా అంటే నీకు రాలే. లెక్కలల్ల నువ్వు హుషారే, కాదనను. కాని ఎవరిని కొట్టిండో తెల్వకుంట ఎన్నిసార్లు కొట్టిండో తెలిస్తే ఏం ఫాయిదా.

మా కాలంల గట్ల లేకుండె. జర విను. అమీర్‌పేట్ల నువ్వు కంప్యూటర్ కోర్సు చేసిన బిల్డింగ్ ఉన్నది సూడు, మెట్ల కాడ కుప్పలు కుప్పలు బోర్డులు వేలాడేది. గాడనే మా షెడ్డు ఉండె, రేకుల షెడ్డు. ఎనక చింతచెట్టు. కాదు కాదు, యాపచెట్టు. మీ నానమ్మ ఉంటే సరిగ్గ చెప్పేది. పెండ్లయిన కొత్తల గా చెట్టు కిందికే టిఫిన్ డబ్బ తెచ్చేది పాపం, లోపల్కి రాకపోయేది, చెమట వాసనని. ఏం చెప్తున్న? ఆఁ, షెడ్డు. రింగు గింగు ఏం లేదు, నాలుగు గుంజలు, కొబ్బరి తాళ్ళు. సనత్‌నగర్ల ఫ్యాక్టరీ డ్యూటీ దిగి సైకిల్ మీద వచ్చేటోన్ని. చాయ్ చారాణ అప్పుడు. గ్లవ్స్ కొనాలంటే జీతంల సగం పోయేది, అందుకే షెడ్డు మొత్తానికి రెండే జతలు. ఒకని చెమట మీద ఇంకొకడు తొడిగేటోడు.

మా బరువుల ఆడేటోళ్ళం ఊరంత కలిపి ఐదారుగురమే. సికింద్రాబాద్ దిక్కు జాన్ అని ఉండె. వాని తోటి నేను ఐదుసార్లు ఆడిన, మూడుసార్లు ఓడిన. కాదు, నాలుగు. ఏమో, ఒకటి వర్షమొచ్చి ఆగింది, అది ఎటు లెక్కేస్తవో నీ ఇష్టం. అన్నిసార్లు ఎందుకాడినమంటే ఇంకోడు లేకుండె. తప్పించుకుందామంటే జాగ లేదు. మొదటిసారి వాని ఎడమచెయ్యి ఎటుకెల్లి వస్తదో తెల్వలే. రెండోసారి తెలిసింది, తెలిసేలోపల తగిలింది. తర్వాత నేను దానికి మందు కనిపెట్టిన. వాడు ఊకుంటడా, ఇంకోటి తయారు చేసిండు. గట్ల ఒకన్ని ఒకడు కొట్టుకుంట, ఇద్దరం జర పనికొచ్చేటోళ్ళం అయినం.

ఇప్పటోళ్ళని తక్కువ చేస్తలేను, గది రికార్డుల పడనియ్. మౌనిక చేసే కసరత్తుల సగం సుత మేం చెయ్యలే. అన్నం తూకమేసి తింటది. దాని ఎడమచెయ్యి చూస్తే నాకే భయమైతది. తాకత్ ఉన్నది, అన్నీ ఉన్నయ్. కాని ఎవరితోని ఆడాల్నో ఇంకెవరో కూసొని ఏరుతున్నరు. వీడు వద్దు, డేంజర్. వాడు వద్దు, ఎడమచేతి వాటం. మంచోడు మంచోని ముంగటికి వచ్చేసరికి ఇద్దరికీ వయసు మళ్ళుతది. గప్పుడు ఎవడు గెలిస్తే ఏంది.

అట్లని నా మాట సుత పూర నమ్మకు. మేం ఆడింది ఎవడు చూసిండు? వీడియో లేదు, ఏం లేదు. ముసలోళ్ళం చాయ్ తాగుకుంట చెప్తే మీరు ఇంటున్రు. యాభై ఏండ్లల్ల జాన్ ఎడమచెయ్యి నా నోట్ల ఎంత పొడుగు పెరిగిందో నాకే తెల్వదు.

"మరి మీ కాలంల ఓడనోళ్ళే లేరా తాతా?"

ఉండె. ఒకడు ఉండె.

లక్ష్మణ్. మా ఫ్యాక్టరీ టీమే, నాకంటే చిన్నోడు, నన్ను అన్నా అనేటోడు. మా షెడ్డుల నేర్పేటాయనని మాస్టర్ అనేటోళ్ళం. లక్ష్మణ్ అంటే మాస్టర్‌కి పానం. షెడ్డు గోడ మీద సున్నంతోని రాయించిండు, 'లక్ష్మణ్, ఓటమి లేదు' అని. పంజాగుట్టకెల్లి బస్సుల పోయేటోళ్ళు సుత దిగి చదివేటోళ్ళు. కాదులే, బస్సుల పోయేటోళ్ళకి ఎట్ల కనవడ్తది. నడిచి పోయేటోళ్ళు. మాస్టర్ వానికి జాన్ తోటి ఆట పెట్టకపోయేటోడు. వచ్చే యాడాది అనేటోడు. మల్ల వచ్చే యాడాది.

ఆఖరికి తప్పలే. బేగంపేట కాడ గ్రౌండ్ల పెట్టిండ్రు. ఇప్పటిలెక్క నెత్తికి తొడిగేది ఏం లేదప్పుడు. నా ఆట ముందే అయిపోయింది, తాళ్ళ కాడ జనంల కూసున్న. మొదటి రౌండు లక్ష్మణ్ మంచిగనే ఆడిండు. రెండో రౌండుల జాన్ ఎడమచెయ్యి తగిలింది. నాకు తెలుసు గద గది ఎట్లుంటదో. వీనికి అంతకుముందు ఎన్నడు గట్ల తగల్లే, తగిలితే ఏం చెయ్యాల్నో తెల్వలే. ఎనకకు జరగాలె, పట్టుకోవాలె, ఊపిరి తీసుకోవాలె. గవన్నీ ఓడినోనికే వస్తయ్. వాడు నిలబడ్డడు. ఊకె నిలబడ్డడు.

రెఫరీ మా మూల దిక్కు చూసిండు. మాస్టర్ భుజం మీద తువ్వాల ఉండె. రింగులకు ఇసిరితే ఓటమి ఒప్పుకున్నట్టు, ఆట గాడనే ఆగిపోయేది. మాస్టర్ గా తువ్వాల కొస పట్టుకొని నలుపుతున్నడు. నలుపుతనే ఉన్నడు. మూడో రౌండు పూర దెబ్బలు తిన్నడు లక్ష్మణ్. పడలే. పాయింట్ల మీద ఓడిండు. మావోళ్ళంత ఏమన్నరో ఎర్కనా, ఓడిండు కాని పడలేదని చప్పట్లు కొట్టిండ్రు.

తర్వాత వాడు చాయ్ గ్లాసు రెండు చేతులతోని పట్టుకునేటోడు. ముందుగాల మాకు నవ్వులాట. తర్వాత సాసర్ల పోసుకున్నా వణికేది. ఎల్లమ్మ బోనాలకి వస్తుండె ప్రతి యాడాది మనింటికి, నువ్వు చిన్నోనివి, యాదికుండదు. నా పక్కన కూసొని 'అన్నా, జాన్ తోటి నా ఫైట్ ఎప్పుడు పెట్టిండ్రు' అని అడుగుతుండె. వచ్చే యాడాది లే అనేటోన్ని. పోయిండు, చాన్నాళ్ళయింది.

మాస్టర్ చెడ్డోడు కాదు బేటా. గోడ మీద రాసింది ఉండె గద. తువ్వాల ఇసిరితే గోడ మీది రాత చెరపాల్నాయె. అందుకే ఓటమి కాడ సున్నా కనవడితే నాకు సంతోషం కాదు, అనుమానం. గా సున్నాని ఎవరు కాపాడుతున్రు, ఎన్ని దినాలు కాపాడుతరు అని.

ఇప్పుడు చెప్పు. ఫోన్ల మౌనిక ఫోటో కింద ఎనిమిది, పక్కన సున్నా. ఎవరు రాసిండ్రు?

"నేనే తాతా."

మంచిగ రాసినవ్, రంగు సుత మంచిగున్నది. మరి గీ ఇద్దర్ల ఎవరు కావాలన్నది మౌనిక? నా మొఖం దిక్కు చూసి చెప్పు.

"వైజాగ్ పిల్లనే కావాలంటున్నది. మేం చెప్తే ఇంటలేదు. నువ్వు వద్దంటే ఆగుతది."

గదీ సంగతి. బిస్కెట్లు గందుకు. ఆల్‌టైమ్ గ్రేటు గందుకు. నా నోటితోని వద్దనిపించి మౌనికకు ఇనిపిస్తవ్. తెలివిగలోనివే.

నాకు తెలుసురా అది ఎవరిని అడుగుతదో. ప్రొఫెషనల్ కాకముందు, స్టేట్ తరఫున ఆడే దినాలల్ల గా వైజాగ్ పిల్ల చేతిల ఓడింది మౌనిక, నీ సున్నా లెక్కల గది రాదు, నేను పోయిన చూడనీకె. ఆట అయినంక ఇద్దరు ఎదుటోళ్ళ మూలకు పోయి చెయ్యి కలుపుతరు గద. గా పిల్ల కోచ్ మనదాని చెయ్యి పట్టుకొని 'ఏంటమ్మా, మళ్ళీ ఎప్పుడు ఆడతారు మాతోటి?' అన్నడు. పెదవి పగిలి ఉన్నది, నెత్తురు కారుతున్నది, మౌనిక నవ్వింది. తర్వాత ఎనిమిది గెలిచింది, ఎనిమిదిసార్లు చెయ్యి లేపి ఫోటో దిగింది. గా నవ్వు మల్ల నాకు కనవడలే.

భయం లేదా అంటే ఉన్నది. మీ అమ్మకంటే నాకే ఎక్కువ. లక్ష్మణ్ చేతులు మీ అమ్మ చూడలే, నేను చూసిన. ఆడమనాలంటే నా నోరు వస్తలేదు. వద్దనాలంటే, ఇయ్యాల వద్దంటే, వచ్చే యాడాది అనాలె. మల్ల వచ్చే యాడాది. గా మాట నేను ఒకనికి మస్తు సార్లు చెప్పిన, ఇంక చెప్పను.

ఆడనియ్. కాని నువ్వు ముందు గా ఫోటో కిందికెల్లి సున్నా తీసెయ్. ఎనిమిది సుత తీసెయ్, పేరొక్కటి ఉంచు. దానెనక ఇంటోళ్ళు ఎవరు సున్నా కోసం కూసోవద్దు. ఇంకోటి, దాని మూలల నేను ఉంట. కోచ్‌కి నేను చెప్త, మోకాళ్ళ ఫికర్ నీకెందుకు, కుర్చీ వేస్తరు. గీ తువ్వాల ఉన్నది గద, ఎప్పుడు నా భుజం మీద ఉండేదే, గిదే తెస్త. నేను ఇసిరితే ఇసిరినట్టే. నువ్వు నా దిక్కు గుర్రుమని చూడొద్దు, మీ అమ్మ ఏడ్వొద్దు, మౌనిక ఇంటికొచ్చినంక నాతోని వారం మాట్లాడకున్నా సరె.

అది గొప్పదైతదా కాదా అంటే, ఏమో. మనం పోయినంక ఎవరన్న చెప్తరు తియ్. నేను దీవించేది ఒక్కటే. నా అంత ఉమర్ వచ్చినంక, నా లెక్కనే గిట్ల కూసొని, చాయ్ గ్లాసు ఒక్క చేత్తోని పట్టుకొని తాగాలె, ఒక్క చుక్క సాసర్ల పడొద్దు. నువ్వు సల్లగుండు, అది సల్లగుండాలె. పో, చెప్పు దానికి. కాదు, నువ్వు చెప్పకు, నువ్వు మార్చి చెప్తవ్. దాన్నే ఇక్కడికి రమ్మను.

ఆగు. గా ఫోన్ ఇంక నడుస్తున్నదా?